రేపటి పని చూసి ఇవాళ్టి గది



పల్లెలో ఉన్నా, చిన్న పట్నంలో ఉన్నా, నగరానికి వెళ్లి ఒక రాత్రి ఉండాల్సిన పని అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. అమ్మాయికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. నాన్నను పెద్దాసుపత్రిలో చూపించాల్సి వస్తుంది. తమ్ముడు దుబాయ్ విమానం ఎక్కాల్సి ఉంటుంది. చుట్టాల ఇల్లు ఉంటే మంచిదే. లేనివాళ్లు లాడ్జిలో గది తీసుకోవాలి. అదీ తక్కువ ఖర్చులో తీసుకోవాలి. ఆ ఒక్క రాత్రి గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

ఇదివరకు ఇలాంటి పనులన్నీ నగరం నడిబొడ్డున ఉండేవి. ఇప్పుడు చాలావరకు శివార్లకు జరిగాయి. హైదరాబాదునే చూడండి. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు వెళ్లిపోయింది. ఇంజనీరింగు కాలేజీలు ఇబ్రహీంపట్నం దారిలో, ఘట్‌కేసర్ దారిలో, మేడ్చల్ దారిలో ఉన్నాయి. కంప్యూటర్ మీద రాసే పరీక్షలకు అలాంటి కాలేజీల్లోనే కేంద్రాలు పడుతుంటాయి. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ మొదలైంది. కొన్ని రైళ్లు ఇప్పుడు అక్కడి నుంచే బయలుదేరతాయి. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు తిరిగి ఉంది. ఆ రోడ్డు దిగే చోట్ల, పెద్ద రహదారులు నగరంలోకి వచ్చే చోట్ల, లాడ్జి బోర్డులు వరసగా కనిపిస్తాయి.

మరి ఇన్ని లాడ్జిల్లో ఏది మనకు పనికొస్తుంది?

మనం మామూలుగా ముందు ఏం అడుగుతాం? "రూము అద్దె ఎంత?" అని అడుగుతాం. అడగాల్సిందే. చేతిలో డబ్బు లెక్కగా ఉన్నవాళ్లకు అది పెద్ద ప్రశ్నే. కానీ దాని కంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. "రేపు పొద్దున నేను ఎన్నింటికి, ఎక్కడ ఉండాలి?" ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ రండి. గది ఎక్కడ తీసుకోవాలో ఆ లెక్కే చెబుతుంది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. రేపటి పని చూసి ఇవాళ్టి గది పట్టాలి.

ఇది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

సూర్యాపేట నుంచి ఒక తండ్రి, కూతురు బయలుదేరారనుకోండి. అమ్మాయికి ఇబ్రహీంపట్నం దగ్గర ఒక కాలేజీలో పరీక్ష. తొమ్మిదింటికి మొదలవుతుంది. ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలని హాల్ టికెట్ మీద ఉంది. ఇలాంటి పరీక్షలకు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఆ సంగతి మీకూ తెలుసు.

తండ్రి అద్దె మాత్రమే చూశాడనుకుందాం. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఏడు వందలకు గది దొరికింది. ఎల్బీనగర్ పక్కన సాగర్ రింగు రోడ్డు దగ్గర గదికి వెయ్యి అడుగుతున్నారు. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి చెబుతున్నాను. మొదటి గది మూడు వందలు తక్కువ. చూడ్డానికి అదే లాభం.

ఇప్పుడు పొద్దుటి నుంచి వెనక్కి లెక్క పెడదాం. బస్ స్టేషన్ నుంచి ఇబ్రహీంపట్నం దాదాపు ముప్ఫై కిలోమీటర్లు. ఏడున్నరకు గేటు దగ్గర ఉండాలంటే ఆరింటిలోపే కదలాలి. ఆరింటికి కదలాలంటే నాలుగున్నరకు లేవాలి. ఆ వేళ బస్సు దొరుకుతుందో లేదోనని భయం. ఆటోకో, కారుకో ఆరేడు వందలు ఇవ్వడానికి ఒప్పుకుంటారు. మూడు వందలు మిగిలాయి అనుకున్నది పోయింది. దాని మీద ఇంకా కొంత పోయింది. అమ్మాయి నిద్ర కూడా పోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. సూర్యాపేట నుంచి వచ్చే బస్సు ముందుగా హయత్‌నగర్, ఎల్బీనగర్ దాటి, ఆ తర్వాతే బస్ స్టేషన్‌కు చేరుతుంది. అంటే వాళ్లు రాత్రి పనిగట్టుకుని నగరం లోపలికి వెళ్లి, పొద్దున మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చారన్న మాట. ఎల్బీనగర్‌లోనే దిగి ఉంటే ఆ తిరుగుడు తప్పేది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లు సిటీ ఆర్డినరీ బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున బస్సు ఎక్కితే తండ్రికి ఒక్కడికే టికెట్ పడుతుంది. అందుకని అద్దె, దారి ఖర్చు, నిద్ర, ఈ మూడూ కలిపి చూడాలి. మూడూ కలిపితే వెయ్యి రూపాయల గదే చవక.

దిగిన సాయంత్రం ఇంకో పని కూడా చేయాలి. వెలుతురు ఉండగానే పరీక్ష కేంద్రం దాకా ఒకసారి వెళ్లి చూసి రావాలి. శివార్లలో కాలేజీ అంటే మెయిన్ రోడ్డు మీద కమాను మాత్రమే ఉంటుంది. అసలు గేటు రెండు మూడు కిలోమీటర్లు లోపలికి ఉండొచ్చు. ఒకే దారిలో ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలు ఉండొచ్చు. ఈ గందరగోళం సాయంత్రమే తీరిపోవాలి. పొద్దుటికి మిగలకూడదు.

ఇప్పుడు రెండో ఉదాహరణ. జగిత్యాల నుంచి ఒక అబ్బాయి దుబాయ్ వెళ్తున్నాడు. విమానం పొద్దున ఆరింటికి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. అంటే రాత్రి మూడింటికి. వాళ్ల బస్సు రాత్రి పదింటికి సికింద్రాబాద్ జూబిలీ బస్ స్టేషన్‌కు చేరుతుంది. అక్కడే ఏదో ఒక గది తీసుకుందాం అనిపిస్తుంది. ఆగి లెక్క పెట్టండి. జూబిలీ బస్ స్టేషన్ నుంచి శంషాబాదుకు నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. మూడింటికి అక్కడ ఉండాలంటే ఒకటిన్నరకే లేవాలి. గదిలో మూడు గంటలు కూడా పడుకోరు. పడుకున్నా నిద్ర పట్టదు.

అబ్బాయి ఒక్కడే అయితే అసలు గదే అక్కర్లేదు. విమానాశ్రయానికి ఆర్టీసీ పుష్పక్ బస్సులు నడుస్తాయి. రాత్రి వేళల్లో కూడా ఉంటాయి. వేళలు ముందే కనుక్కుని, నేరుగా అక్కడికే వెళ్లి కూర్చోవచ్చు. సాగనంపడానికి అమ్మ వచ్చింది, చంటిబిడ్డతో భార్య వచ్చింది అనుకోండి. అప్పుడు గది కావాలి. ఆ గది శంషాబాదులోనే ఉండాలి. రేపటి పని చూసి ఇవాళ్టి గది. ఒక్కోసారి ఆ లెక్క గది వద్దని కూడా చెబుతుంది. ఆ మాట కూడా వినాలి.

మూడో ఉదాహరణ ఆసుపత్రి. పంజగుట్టలో నిమ్స్‌కు వెళ్లాలి. నగరం మధ్యలో గదులు ఖరీదు. ఎల్బీనగర్‌లో తక్కువకు దొరుకుతుంది. అంత దూరంలో తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. ఎందుకంటే 2018 నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రైలు ఉంది. అదే రైలు పంజగుట్ట మీదుగా మియాపూర్ వెళ్తుంది. మధ్యలో మారనక్కర్లేదు. అటు మియాపూర్ వైపు ఉన్నా అంతే. కాబట్టి మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో గది చూసుకుంటే చాలు. కాకపోతే మెట్రో పొద్దున ఆరింటి ప్రాంతంలో మొదలవుతుంది. ఓపీ చీటీ కోసం అంతకంటే ముందే వరసలో నిలబడాలి అంటే ఈ ఏర్పాటు కుదరదు. నడవలేని రోగి వెంట ఉన్నా కుదరదు. అప్పుడు రెండు వందలు ఎక్కువైనా ఆసుపత్రి పక్కనే ఉండాలి.

రైలుకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. చర్లపల్లి అని ఉంటే, సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా గది తీసుకుని లాభం లేదు.

ఎక్కడ ఉండాలో తేలింది. ఇక గది సంగతి. ఇక్కడ కూడా ఆ ప్రశ్నే మనకు దారి చూపిస్తుంది. రేపటి పనికి ఈ గది పనికొస్తుందా?

సూర్యాపేట తండ్రీకూతుళ్ల దగ్గరికి మళ్లీ వెళ్దాం. సాయంత్రం ఆరు దాటింది. కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు రిజిస్టరు తెరిచి ఇటు తిప్పాడు. పెన్ను మూత తీసి అందించాడు. పెద్దాయన పెన్ను తీసుకోలేదు.

"తమ్మీ, ముందుగాల రూము చూస్తం. చూసినంక రాస్తం."

"చూడుండ్రి కాకా. రెండో ఫ్లోరు."

అంతే. కుర్రాడు ఏమీ అనుకోలేదు. తాళం చెవి తీసుకుని ముందు నడిచాడు. చాలామంది ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. వంకాయలు కొనేటప్పుడు కూడా చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తాం కదా. రాత్రంతా తలుపేసుకుని పడుకోబోయే గదిని చూడకుండా డబ్బు ఎందుకు కట్టాలి?

గదిలోకి వెళ్లాక ఏం చూడాలి? ముందు తలుపు. లోపలి నుంచి గడియ పెట్టి, గట్టిగా ఒకసారి లాగండి. కదలకుండా ఉండాలి. తర్వాత బాత్‌రూము. పంపు తిప్పండి. నీళ్లు వస్తున్నాయా? శివార్లలో చాలా లాడ్జిలు ట్యాంకర్ నీళ్ల మీదే నడుస్తాయి. సాయంత్రం వచ్చిన నీళ్లు తెల్లవారుజామున కూడా వస్తాయా అని అడగండి. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఇస్తారో అడగండి. ఆరింటి నుంచి అన్నారనుకోండి. మీరు ఐదింటికే వెళ్లాలి. అప్పుడు బకెట్ నీళ్లు కాచి ఇవ్వగలరేమో ముందే మాట్లాడుకోండి. ఫోను చార్జింగు పెట్టి చూడండి. హాల్ టికెట్, ఓటీపీ, దారి, అన్నీ ఫోనులోనే ఉంటున్నాయి. పొద్దున లేచేసరికి అది చచ్చిపోయి ఉండకూడదు. పక్క మీద దుప్పటి ఎత్తి చూడండి. మురికిగా ఉంటే మార్చమనండి.

ఇప్పుడు కిటికీ తెరవండి. బయట ఏముంది? హైవే ఉంటే రాత్రంతా లారీలు తిరుగుతాయి. వెనక వైపు గది ఉందా అని అడగండి. ఇంకొకటి కూడా అడగండి. పక్కన ఫంక్షన్ హాలు ఉందా? ఇవాళ పెళ్లి ఉందా? శివార్లంతా ఫంక్షన్ హాళ్లే. ముహూర్తాల రోజుల్లో బ్యాండు, డీజే మోత అర్ధరాత్రి దాకా గోడలు దాటి వస్తుంది. ఆ పక్క గదిలో పరీక్ష రాయబోయే పిల్ల పడుకోవాలి. కాబట్టి అడగడం తప్పనిసరి. ఉందంటే ఇంకో వీధిలో చూసుకోండి.

గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మెట్లు చూడండి. ఇది మాత్రం మరిచిపోకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక లాడ్జి భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అమ్మే షోరూము ఉంది. పైన గదులు ఉన్నాయి. మంట కింద పుట్టింది. పొగ పైకి కమ్మింది. 8 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లూ అక్కడ గది తీసుకుని దిగినవాళ్లే. అందుకే మెట్లు ఎటు ఉన్నాయో చూడండి. దిగడానికి రెండో దారి ఉందా చూడండి. మెట్ల మీద పరుపులు, సామాన్లు పేర్చి ఉంటే ఆ లాడ్జి వద్దు. కింద ఏ దుకాణం ఉందో చూడండి. వీలైతే కింది అంతస్తుల్లోనే గది అడగండి.

గది చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలూ డబ్బు కట్టక ముందే ఖర్చు పెట్టాలి. కట్టిన తర్వాత మన మాటకు బలం తగ్గుతుంది.

నచ్చింది. కిందికి వచ్చారు. ఇప్పుడు కౌంటర్ దగ్గర అడగాల్సినవి ఉన్నాయి. మొదటిది, "పొద్దున షట్టర్ ఎన్నింటికి తీస్తారు?" కొన్ని శివారు లాడ్జిల్లో రాత్రి పదకొండు దాటితే షట్టర్ దించేస్తారు. కాపలా మనిషి లోపల ఎక్కడో పడుకుంటాడు. మూడింటికి విమానానికి వెళ్లాల్సినవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ తిరగకూడదు. ఇన్నింటికి వెళ్లాలని రాత్రే చెప్పాలి. ఆయన నంబరు తీసుకోవాలి. ఆ వేళకు నమ్మకమైన ఆటో ఏదైనా ఉందా అని కూడా రాత్రే మాట్లాడుకోవాలి.

రెండోది, "అన్నీ కలిపి ఎంత?" బోర్డు మీద అద్దె ఒకటి ఉంటుంది. మూడో మనిషికి, అదనపు పరుపుకు, ఏసీకి వేరే అడుగుతారు. పన్ను కూడా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి, రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతమే. అంటే వెయ్యి రూపాయల గదికి 50 రూపాయలు. అంతకుముందు 12 శాతం ఉండేది. ఇప్పటికీ పాత లెక్కే వేస్తే బిల్లు చూపించమని మర్యాదగా అడగండి.

మూడోది, "ఖాళీ చేయడం ఎప్పుడు?" కొన్ని చోట్ల దిగినప్పటి నుంచి 24 గంటలు ఇస్తారు. కొన్ని చోట్ల ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేయాలి. ఈ తేడా చిన్నది కాదు. పరీక్ష మధ్యాహ్నం దాకా ఉంటే, సామాన్లు గదిలోనే ఉంటే, పన్నెండు దాటాక రెండో రోజు అద్దె అడగొచ్చు. బ్యాగులు కౌంటర్ దగ్గర ఉంచుతారేమో ముందే కనుక్కోండి. ఫోనులో గది బుక్ చేసుకునేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. తెల్లవారి ఐదింటికి రైలు దిగి వెళ్తే, మీ బుకింగు మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది అంటారు.

ఫోనులో బుకింగు అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. బుక్ చేశాక ఆ లాడ్జికి ఫోన్ చేసి, గది ఉన్నట్టు వాళ్ల నోటితో చెప్పించుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్లు క్యూఆర్ కోడ్ పంపి మొత్తం డబ్బు కట్టమంటే కట్టకండి. పొరపాటున మోసపోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

గుర్తింపు కార్డు అసలుది వెంట ఉండాలి. పెద్దవాళ్లు ప్రతి ఒక్కరిదీ ఉంటే మంచిది. ఆధార్ నకలు ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది. ఆధార్ వెబ్‌సైటు నుంచి ముందే తీసి పెట్టుకోండి. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా సాధారణంగా ఒప్పుకుంటారు. అమెరికా నుంచో, ఇంకెక్కడి నుంచో వచ్చిన బంధువుకు విదేశీ పాస్‌పోర్టు ఉంటే, సంగతి ముందే చెప్పండి. విదేశీ పౌరులు దిగితే లాడ్జివాళ్లు 24 గంటల్లోపల వాళ్ల వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు గది ఇవ్వవు. అర్ధరాత్రి అక్కడికి వెళ్లి వెనక్కి తిరగడం కంటే ముందే తెలుసుకోవడం నయం.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే కౌంటర్‌కు దగ్గరగా ఉన్న గది అడగండి. లాడ్జి పేరు, గది నంబరు ఇంట్లోవాళ్లకు పంపండి. ఏదైనా ఇబ్బంది అనిపిస్తే 112కు ఫోన్ చేయడానికి సంకోచించకండి. అది అందుకోసమే ఉంది.

లాడ్జిలు నడిపేవారికి కూడా ఒక విన్నపం. వేడినీళ్ల వేళలు, షట్టర్ తీసే వేళ, దగ్గరలో మొదటి బస్సు వేళ ఒక అట్ట మీద రాసి కౌంటర్ పక్కన పెట్టండి. మెట్లు ఖాళీగా ఉంచండి. మీ గదికి వచ్చేవాళ్లలో చాలామంది విహారానికి వచ్చినవాళ్లు కాదు. జీవితంలో ముఖ్యమైన ఒక పని కోసం, కూడబెట్టుకున్న డబ్బుతో వచ్చినవాళ్లు. వాళ్లకు ఒక మంచి నిద్ర ఇవ్వగలిగితే అది పెద్ద సాయం.

మళ్లీ ఒకసారి చెప్పుకుందాం. ముందు రేపటి పని. అది ఎన్నింటికి, ఎక్కడ? అక్కడి నుంచి వెనక్కి లెక్క. ఆ లెక్క ప్రకారం చోటు. చోటు తేలాక గది కళ్లతో చూడటం. అన్నీ సరిపోయాక అద్దె మాట.

చివరగా, నగరానికి వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటి కోరుతున్నాను. మీకు తెలిసింది మీ దగ్గరే ఉంచుకోకండి. ఏ స్టాపులో దిగాలి, ఏ వీధిలో రాత్రి నిద్ర పడుతుంది, ఏ లాడ్జిలో తెల్లవారుజామున షట్టర్ తీస్తారు, మొదటి బస్సు ఎన్నింటికి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఊళ్లో గ్రంథాలయంలోనో, బడిలోనో పెట్టండి. ఈ ఏడాది మీ అమ్మాయి పరీక్షకు వెళ్లింది. వచ్చే ఏడాది పక్కింటి అమ్మాయి వెళ్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే ఆమె తండ్రి ఎవరినీ అడగకుండా, తడబడకుండా సరైన చోట బస్సు దిగుతాడు.